రాష్ట్రపతి ఎన్నికలో చిన్న పార్టీ మాట ఎంత?

హైటెక్‌సిటీ: రాష్ట్రపతి ఎన్నిక వచ్చిన ప్రతిసారీ మాదాపూర్, గచ్చిబౌలి టీ కొట్ల దగ్గర ఒక ప్రశ్న వినిపిస్తుంది. అమెరికాలో చిన్నాచితకా పార్టీలు సైతం అధ్యక్ష అభ్యర్థిని నిలబెడుతుంటే మన దగ్గర ఆ పని ఎందుకు జరగదన్నదే ఆ ప్రశ్న. సగం రాత్రి అమెరికా వేళల్లో పనిచేసే ప్రాంతం కనుక ఇక్కడి యువతకు అక్కడి ఎన్నికల సంగతి మన ఎన్నికలకన్నా బాగా తెలుసు. అయితే రెండు పద్ధతులకూ పోలిక అంత సులువు కాదు.

మన రాష్ట్రపతిని ప్రజలు నేరుగా ఎన్నుకోరు. రాజ్యాంగంలోని 54వ అధికరణం ప్రకారం పార్లమెంటు ఉభయ సభల్లోనూ, రాష్ట్ర శాసనసభల్లోనూ ఎన్నికైన సభ్యులే ఓటర్లు. ఢిల్లీ, పుదుచ్చేరి శాసనసభ్యులకూ ఈ హక్కు ఉన్నది. శాసనమండలి సభ్యులకు గాని, నామినేటెడ్ సభ్యులకు గాని లేదు. పోటీ చేయదలచిన వ్యక్తి పేరును ఈ ఓటర్లలో 50 మంది ప్రతిపాదించాలి, మరో 50 మంది బలపరచాలి. ధరావతు రూ.15 వేలు. ఒక ఓటరు ఒక నామినేషన్‌పై మాత్రమే సంతకం చేయాలి. 1997కు ముందు పదిమంది ప్రతిపాదకులు, పదిమంది బలపరిచేవారు ఉంటే సరిపోయేది. పేరు కోసం నామినేషన్లు వేసేవారిని ఆపడానికే ఈ సంఖ్య పెంచారు. 1977లో 37 మంది నామినేషన్లు వేయగా 36 తిరస్కరణకు గురై, అనంతపురం జిల్లాకు చెందిన నీలం సంజీవరెడ్డి ఏకగ్రీవంగా ఎన్నికయ్యారు.

నిబంధన మంచిదే. కానీ చిన్న పార్టీకి అక్కడే తలుపు మూసుకుపోయింది. 2023 శాసనసభ ఎన్నికల ఫలితాలు చూడండి. తెలంగాణలో మజ్లిస్‌కు 7, సీపీఐకి 1 స్థానం వచ్చాయి. 64 స్థానాలు గెలిచిన కాంగ్రెస్ రాష్ట్ర శాఖ సైతం తన ఎంపీలను కలుపుకొన్నా వంద సంతకాలు సొంతంగా సమకూర్చలేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2024లో జనసేనకు దక్కినవి 21. కనుక ఇక్కడ చిన్న పార్టీ రాష్ట్ర శాఖ అభ్యర్థిని ఎంచుకోవడమంటే, ఇతరులు నిలబెట్టిన ఇద్దరిలో ఎవరికి ఓటేయాలో తేల్చుకోవడమే.

ఎవరు తేలుస్తారు?

వామపక్షాల్లో ఈ నిర్ణయం రాష్ట్ర శాఖది కాదు. సీపీఎంలో పొలిట్‌బ్యూరో, కేంద్ర కమిటీ, సీపీఐలో జాతీయ నాయకత్వం నిర్ణయిస్తాయి. రాష్ట్ర కమిటీ తన అభిప్రాయం చెప్పవచ్చు గాని, పైనుంచి వచ్చిన మాట పాటించాలి. 2002లో నాలుగు వామపక్షాలు కలిసి ఆజాద్ హింద్ ఫౌజ్ యోధురాలు కెప్టెన్ లక్ష్మీ సెహగల్‌ను నిలబెట్టాయి. ఎదుట నిలిచినది హైదరాబాద్ డీఆర్‌డీఎల్‌లో పనిచేసిన అబ్దుల్ కలాం. తెలుగుదేశం ఆయన వైపే నిలిచింది. 1999 ఎన్నికల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సీపీఎంకు దక్కినవి రెండే స్థానాలు, సీపీఐకి ఒక్కటీ లేదు. ఓటమి ముందే తెలిసిన పోటీ అది. కలాంకు 9,22,884, సెహగల్‌కు 1,07,366 ఓట్ల విలువ లభించింది.

పదేళ్ల తర్వాత 2012లో ఆ ఐక్యత కనిపించలేదు. సీపీఎం ప్రణబ్ ముఖర్జీకి మద్దతివ్వగా, సీపీఐ ఓటింగుకు దూరంగా ఉన్నది. తెలుగుదేశం, తెరాస సైతం దూరంగానే ఉన్నాయి. 2009లో రాష్ట్రంలో సీపీఐకి నలుగురు శాసనసభ్యులు. ఒక్కొక్కరి ఓటు విలువ 148 చొప్పున 592 విలువ పెట్టెలో పడలేదు.

ప్రాంతీయ పార్టీల్లో తీరు వేరు. శాసనసభా పక్షం సమావేశమై, నిర్ణయాధికారాన్ని అధినేతకు అప్పగిస్తూ ఒక తీర్మానం చేస్తుంది. అంతటితో సరి. ఎందుకు ఫలానా వారికి ఓటేశారని కార్యకర్తను అడిగితే అధినేత చెప్పారు కనుక అన్న సమాధానమే తరచూ వస్తుంది.

ఐటీ నడవాకు ఈ తంతు దగ్గరగా కనిపించినది 2022 జూలైలో. ఆ నెల 2, 3 తేదీల్లో మాదాపూర్‌లోని హెచ్ఐసీసీలో భాజపా జాతీయ కార్యవర్గం సమావేశమయింది. అదే 2వ తేదీన ప్రతిపక్షాల అభ్యర్థి యశ్వంత్ సిన్హా నగరానికి వచ్చారు. ముఖ్యమంత్రి కేసీఆర్ బేగంపేటలో ఆయనకు ఎదురేగి స్వాగతం పలికారు. అదే రోజు ప్రధాని సైతం నగరానికి చేరుకున్నారు. తెరాస, మజ్లిస్ సిన్హా పక్షాన నిలిచాయి. మజ్లిస్ ఏడుగురు సభ్యుల బలం 924. ఆంధ్రప్రదేశ్‌లో మాత్రం వైకాపా, తెలుగుదేశం రెండూ ద్రౌపది ముర్ముకే ఓటేశాయి. ఒకరినొకరు పలకరించుకోని రెండు పార్టీలు ఒకే పేరు ముందు అంకె వేసిన అరుదైన సందర్భమది. అక్కడ సిన్హాకు ఒక్క ఓటూ రాలేదు.

132 వెనుక లెక్క

ఓటు విలువ సంగతి ఇక్కడివారు తప్పక తెలుసుకోవాలి. 1971 జనాభా లెక్కల ప్రకారం తెలంగాణ ప్రాంత జనాభా 1,57,02,122. దానిని 119 స్థానాలతో, ఆపై వెయ్యితో భాగిస్తే 131.95, అంటే 132. ఇది ఒక్కో శాసనసభ్యుని ఓటు విలువ. ఆంధ్రప్రదేశ్‌లో 159, ఉత్తరప్రదేశ్‌లో 208, సిక్కింలో 7. ఎంపీ ఓటు విలువ 2022లో 700.

1971లో హైటెక్‌సిటీ ఎక్కడున్నది? ఇక్కడ ఉన్నవి బండరాళ్లు, కొన్ని పల్లెలు. హైదరాబాద్ విశ్వవిద్యాలయమే 1974లో వచ్చింది. సైబర్ టవర్స్‌ను ప్రధాని వాజపేయి ప్రారంభించినది 1998 నవంబరులో. 2023 నాటికి శేరిలింగంపల్లి నియోజకవర్గంలో ఏడు లక్షలకు పైబడి ఓటర్లున్నారు. భద్రాచలంలో లక్షన్నరకు లోపే. ఇద్దరు శాసనసభ్యుల ఓటు విలువ మాత్రం అదే 132. భద్రాచలం గిరిజనుడి మాట తగ్గించమని ఎవరూ కోరడం లేదు. కానీ శేరిలింగంపల్లి ఓటరు మాట ఐదో వంతుకు కుదించుకుపోయినదన్నదీ నిజమే.

పక్కనే ఉన్న కూకట్‌పల్లిది మరో పాఠం. 2006 అక్టోబరు 2న పార్టీగా మారిన లోక్‌సత్తాకు 2009లో దక్కిన ఏకైక స్థానం అదే. పార్టీ అధ్యక్షుడు జయప్రకాశ్ నారాయణే శాసనసభ్యుడు. ఐటీ ఉద్యోగులు, చదువుకున్న యువత ఆ పార్టీకి వెన్నుదన్ను. అంతటి ఉద్యమం రాష్ట్రపతి ఎన్నికలో ఒకే ఓటుగా మిగిలింది. 2012లో మొత్తం విలువ 10,98,882 కాగా అందులో 148.

అలాగని చిన్న సంఖ్యలను తేలిక చేయరాదు. ఈ ఎన్నికలో విప్ చెల్లదు. ఓటింగు రహస్యం. 1969లో కాంగ్రెస్ అధికార అభ్యర్థి సంజీవరెడ్డిపై వి.వి.గిరి రెండో ప్రాధాన్య ఓట్ల లెక్కింపు తర్వాత గెలిచారు. ఇద్దరూ తెలుగువారే. తేడా 14,650. నేటి తెలంగాణ శాసనసభ మొత్తం విలువ 15,708.

ఉపరాష్ట్రపతి ఎన్నికలో రాష్ట్ర శాఖకు ఈపాటి పాత్రా లేదు. అక్కడ ఎంపీలే ఓటర్లు. 2025 సెప్టెంబరులో రంగారెడ్డి జిల్లావాసి జస్టిస్ బి.సుదర్శన్‌రెడ్డి పోటీ చేసినపుడు యూరియా కొరతకు నిరసనగా భారాస ఓటింగుకు దూరంగా ఉన్నది. ఎరువు కోసం సహకార సంఘం ముందు చెప్పులు వరుసలో పెట్టిన రైతుకు ఢిల్లీ ఎన్నిక గుర్తుకు వచ్చినది బహుశా ఆ ఒక్కసారే.

ఇక అమెరికా మాట. అక్కడి లిబర్టేరియన్ పార్టీ రాష్ట్ర శాఖలు తమ మహాసభల్లో ప్రతినిధులను ఎన్నుకుంటాయి. ఆ ప్రతినిధులు జాతీయ మహాసభలో విడతల వారీగా ఓటేస్తారు. 2024 మేలో వాషింగ్టన్‌లో ఏడో విడతలో ఛేజ్ ఆలివర్ నెగ్గారు. చివరి విడతలో ఆయన ప్రత్యర్థి మనిషి కాదు, ‘వీరిలో ఎవరూ కాదు’ అన్న గడి. ఆ ఎంపిక నచ్చని కొలరాడో శాఖ రాబర్ట్ కెనెడీ జూనియర్ పేరును బ్యాలెట్‌పై పెడతామని ప్రకటించింది. చివరకు అక్కడి బ్యాలెట్‌పై ఆలివర్ పేరే వచ్చింది.

మన తదుపరి రాష్ట్రపతి ఎన్నిక 2027లో రావలసి ఉన్నది. 2026 తర్వాత జరిగే తొలి జనగణన వివరాలు వెలువడే వరకు 1971 లెక్కే వర్తిస్తుందని రాజ్యాంగం చెబుతున్నది. ఎన్నిక నాటికి ఆ వివరాలు రాకపోతే, శేరిలింగంపల్లి శాసనసభ్యుడు గులాబీ రంగు బ్యాలెట్ పత్రంపై వేసే అంకె విలువ మళ్లీ 132 గానే ఉంటుంది.