గాజు తీసేసి వెలుగు పెంచినవాడు

ఎర్రటి పాత ఇరవై రూపాయల నోటు మీ దగ్గర ఇంకా ఉంటే వెనక్కి తిప్పి చూడండి. కొబ్బరిచెట్లు, వాటి వెనక సముద్రం, అవతల కొండ, కొండ మీద సన్నగా ఒక లైట్‌హౌస్. అది అండమాన్‌లోని నార్త్ బే. పోయిన సెలవుల్లో తిరుపతి నుంచి చెన్నై వెళ్ళి, అక్కడ విమానమెక్కి అందరం పోర్ట్ బ్లెయిర్ వెళ్ళాం. 2024 నుంచి దాని పేరు శ్రీ విజయపురం. మా అమ్మ పర్సులో దాచుకున్న నోటును పడవలో బయటకు తీసి, కొండనూ నోటునూ మార్చి మార్చి చూసింది. "ఇదేనంట్రా అది?" అని నన్ను పదేపదే అడిగింది. మా చిన్నదాని ప్రశ్న వేరు. "నాయనా, అంత దూరం కనబడాలంటే లోపల బల్బు ఎంత లావుండాలి?"

బల్బు లావుగా ఉండక్కర్లేదు. పందొమ్మిదో శతాబ్దంలో చాలా లైట్‌హౌస్‌లు నూనె దీపంతోనే ఓడల్ని కాపాడాయి. గొప్పతనం దీపానిది కాదు, దాని చుట్టూ నిలబెట్టిన గాజుది. నేను పిల్లలకు భౌతికశాస్త్రం చెబుతాను. కటకాల పాఠం వచ్చిన ప్రతిసారీ నాకు ఆ గాజే గుర్తొస్తుంది.

చుట్టూ చీకటి సముద్రం, మధ్యలో ఒక దీపం. ఆ దీపం కొంత వెలుగును ఆకాశానికి పంపుతుంది, కొంత కిందనున్న రాళ్ళకు, కొంత వెనకనున్న ఊరికి. ఓడ ఉండేది నీళ్ళూ ఆకాశమూ కలిసే గీత దగ్గర. ఆ గీత వైపు పోయే పల్చటి పొర ఒక్కటే పనికొచ్చే వెలుగు, మిగతాదంతా వృథా. ఆ వృథాను పట్టి క్షితిజం వైపు మళ్ళించడమే లైట్‌హౌస్ ఇంజనీర్ల పని. అసలు సమస్యంతా ఇదే.

మొదట్లో దీపం వెనక లోహపు అద్దాలు పెట్టేవాళ్ళు. మద్రాసులో 1796లో సెయింట్ జార్జి కోట మీద వెలిగింది నూనె దీపాలే. చెన్నై హైకోర్టు ఆవరణలో ఇప్పటికీ నిలబడి ఉన్న రాతి స్తంభం 1844 నాటి రెండో లైట్‌హౌస్. దాంట్లోనూ దీపాలూ, వాటి వెనక అద్దాలే. మెరుగుపెట్టిన లోహం మీద పడిన వెలుగులో సుమారు సగం లోహమే మింగేస్తుంది. నూనె సగం వెలుగిస్తే, సగం అద్దాన్ని వేడిచేయడానికే సరిపోయేది. మద్రాసులో ఆ స్తంభం లేచేనాటికి అంతకన్నా ఎన్నో రెట్లు మెరుగైన పద్ధతి ఫ్రాన్స్ తీరంలో 21 ఏళ్ళుగా వెలుగుతూ ఉంది. అది నన్ను ఎప్పుడూ బాధపెట్టే విషయం.

ఆ పద్ధతి కనిపెట్టినవాడు ఆగస్టిన్ ఫ్రెనెల్. 1788లో పుట్టాడు. రోడ్లు వేయించే ప్రభుత్వ ఇంజనీరు. ఆరోగ్యం అంతంతమాత్రం. తీరిక దొరికినప్పుడల్లా వెలుగు గురించి ఆలోచించేవాడు. వెలుగు కణాల ప్రవాహమని నమ్మే రోజుల్లో అది తరంగమని లెక్కలతో చూపించాడు. పారిస్ అకాడమీ పోటీలో తీర్పరిగా కూర్చున్న ప్వాసో ఆ లెక్కల్ని ఇంకాస్త ముందుకు లాగాడు. "ఇదే నిజమైతే గుండ్రటి బిళ్ళ నీడకు నట్టనడుమ వెలుగు చుక్క కనబడాలి, అదెలా కుదురుతుంది?" అనేది ఆయన అభ్యంతరం. తోటి తీర్పరి అరగో ప్రయోగం చేసి చూస్తే చుక్క ఉంది! ఫ్రెనెల్‌కు 1819లో బహుమతి వచ్చింది. లైట్‌హౌస్‌ల సంఘంలోకి ఆయన్ను తీసుకున్నదీ ఆ ఏడాదే.

అద్దం బదులు కటకం పెడితే ఎలా ఉంటుంది? దీపం దగ్గర నుంచి వీలైనంత వెలుగు పట్టాలంటే కటకం వెడల్పుగా ఉండాలి, దీపానికి దగ్గరగానూ ఉండాలి. అలాంటి కటకానికి పొట్ట బాగా ఉబ్బుతుంది. మీటరు వెడల్పు గాజు ముద్దను బుడగలు లేకుండా పోతపోయడమే కష్టం. పోసినా, సముద్రం నలువైపులా కనబడేలా ఆ బరువును తిప్పలేరు. అంత మందం దాటేలోపు వెలుగూ మసకబారుతుంది.

ఫ్రెనెల్ పట్టుకున్న కీలకం ఇక్కడుంది. కిరణం కటకంలో ఎక్కడ వంగుతుంది? గాజులోకి దిగేచోట ఒకసారి, బయటకొచ్చేచోట ఒకసారి. మధ్యలో అది వంకర లేకుండా సాగిపోతుంది. ఎంత వంగాలో నిర్ణయించేది ఉపరితలం వాలు మాత్రమే. మధ్యలో ఉన్న గాజుకు ఈ పనిలో పాత్ర లేదు, అది బరువు. అయితే దాన్ని తీసేస్తే సరిపోతుంది కదా! కొండను అడ్డంగా కోసి, ప్రతి వాలు ముక్కనూ నేల మీదికి దించినట్టు, కటకాన్ని వలయాలుగా విడగొట్టి ఒక్కో వలయం వాలును మాత్రం మిగిల్చి, అన్నింటినీ ఒకే పలక మీద చేర్చాడు. నడుమ దాదాపు చదును, అంచుకు పోయేకొద్దీ వాలు పెరిగే వలయాలు. పక్క నుంచి చూస్తే రంపం పళ్ళలా ఉంటుంది. ముందు నుంచి చూస్తే ఒకే కటకం చేసే పనే చేస్తుంది.

దీంట్లో నాకు ఇంకా ఎక్కువ నచ్చే మెలిక ఒకటుంది. ఒకే ముక్కగా చేసిన గోళాకార కటకంలో అంచు కిరణాలు, నడిమి కిరణాలు ఒకే చోట కలవవు. కొంచెం ముందో వెనకో కలుస్తాయి. వలయాలు విడివిడిగా ఉన్నాయి కాబట్టి ఫ్రెనెల్ ఒక్కోదానికి తగిన వాలును వేరుగా లెక్కగట్టాడు. అన్నింటి నాభీ దీపం దగ్గరే కుదిరింది. గాజు తగ్గించాలని మొదలుపెట్టిన పని గాజు తప్పును కూడా దిద్దింది.

అంచుకు మరీ దూరంగా పోయే కిరణాల సంగతేమిటి? వాటిని వక్రీభవనంతో అంతగా వంచలేం. అక్కడ పట్టకం పెట్టాలి. మామూలు గాజులో కిరణం ఉపరితలాన్ని లంబం నుంచి సుమారు 42 డిగ్రీలకు మించిన కోణంలో తాకితే బయటకు రాలేదు, మొత్తంగా లోపలికే తిరిగి వస్తుంది. లోహపు అద్దం పోగొట్టే సగం ఇక్కడ పోదు. పట్టకం ఒక ముఖంలోంచి వెలుగు లోపలికి వస్తుంది, రెండో ముఖం మీద పరావర్తనం చెంది, మూడో ముఖం నుంచి క్షితిజం వైపు పోతుంది. దీన్ని ఫ్రెనెల్ చిన్న దీపాలకే చేసి చూడగలిగాడు. పెద్ద లైట్‌హౌస్‌లకు అది ఆయన పోయాక వచ్చింది.

1822లో పారిస్‌లో ఇంకా కట్టడం పూర్తికాని విజయ తోరణం మీద కటకం నిలబెట్టి వెలిగిస్తే 32 కిలోమీటర్ల దూరం నుంచి కనబడింది. 1823 జులైలో గిరోండ్ నది సముద్రంలో కలిసేచోట కోర్దువాన్ లైట్‌హౌస్‌లో దాన్ని బిగించారు. మధ్యలో ఒకదాని చుట్టూ ఒకటిగా నాలుగు వత్తులున్న నూనె దీపం, చుట్టూ ఎనిమిది కటకపు పలకలు. బరువు వేలాడే గడియారపు యంత్రం ఆ పలకల్ని తిప్పుతుంది. ఎనిమిది కిరణపు కట్టలు సముద్రం మీద తిరుగుతుంటే ఓడ మీదివాడికి వెలుగు, చీకటి, మళ్ళీ వెలుగు కనబడతాయి. ఆ లయను బట్టి అది ఏ లైట్‌హౌసో పోల్చుకుంటాడు.

ఫ్రెనెల్ 1827లో క్షయతో పోయాడు. ముప్పై తొమ్మిదేళ్ళే. ఆ తర్వాత అసలు గొడవ మొదలైంది. కాలైడోస్కోపు కనిపెట్టిన స్కాట్లాండు శాస్త్రవేత్త డేవిడ్ బ్రూస్టర్, కటకాన్ని ముక్కలుగా చేర్చే ఆలోచన తనదేనని వాదించాడు. సూర్యకాంతితో మండించే కటకాల గురించి ఆయన ముందే రాసిన మాట నిజమే. ఇద్దరికన్నా ముందు 1748లోనే ఫ్రెంచి శాస్త్రవేత్త బ్యూఫాన్ ఒకే గాజుముక్కలో మెట్లు చెక్కే ఊహ చేశాడు. నా తీర్పు ఫ్రెనెల్ పక్షమే. వలయానికి వలయం లెక్కగట్టి, గాజు కోయించి, దీపం చేయించి, సముద్రపు ఒడ్డున నిలబెట్టినవాడు ఆయన. అయితే బ్రూస్టర్‌ను తీసిపారేయలేను. స్కాట్లాండు లైట్‌హౌస్‌లలో ఇంకా అద్దాలే ఎందుకని ఆయన ఏళ్ళతరబడి పోట్లాడాడు. వాటిని కట్టించే స్టీవెన్‌సన్ కుటుంబం మీద దుమ్మెత్తిపోశాడు. చివరకు అలన్ స్టీవెన్‌సన్ 1834లో పారిస్ వెళ్ళి ఫ్రెనెల్ తమ్ముడు లియోనార్ దగ్గర అన్నీ చూసొచ్చాడు. మరుసటి ఏడాది ఇంచ్‌కీత్ దీవిలో కటకం వెలిగింది. ('ట్రెజర్ ఐలాండ్' రాసిన స్టీవెన్‌సన్ ఈ ఇంటివాడే.)

మళ్ళీ మా ప్రయాణానికి వస్తే, అండమాన్‌లో పిల్లలకు సెల్యులార్ జైలూ చూపించాం. 1906లో కట్టడం పూర్తయింది. నడుమ ఒక బురుజు, దాని నుంచి చక్రం ఆకుల్లా ఏడు బారులు. ఇప్పుడు మిగిలినవి మూడు. ఒక బారులో గదుల ముందువైపు పక్క బారు వీపును చూస్తుంది. ఖైదీకి ఇంకో ఖైదీ ముఖం కనబడదు, బురుజులో కాపలావాడికి మాత్రం అన్ని వరండాలూ కనబడతాయి. కిరణాలు ఎటు పోతాయో గీతలు గీసి చూడడం నాకు వృత్తి. మనిషి చూపును అడ్డుకోవడానికి అంత చక్కగా గీసిన గీతలు చూసి ఆ మధ్యాహ్నం నాకు మాట రాలేదు.

ఇంచ్‌కీత్ తర్వాత కటకం చరిత్ర వేగంగా సాగింది. బర్మింగ్‌హామ్ దగ్గర చాన్స్ బ్రదర్స్ కంపెనీ ఈ గాజును ప్రపంచమంతా ఎగుమతి చేసింది. మొదటి తరగతి కటకమంటే నాభ్యంతరం 920 మిల్లీమీటర్లు, లోపల మనిషి నిలబడొచ్చు. టన్నుల బరువున్న కటకాన్ని పాదరసం మీద తేలిస్తే వేలితో తోసినా తిరిగేది. నూనె పోయి కిరోసిన్ వచ్చింది, తర్వాత కరెంటు, ఇప్పుడు ఎల్ఈడీ. మద్రాసులో 1894 నుంచి 1977 దాకా దీపం హైకోర్టు గుమ్మటం మీదే వెలిగింది. ఎత్తు సుమారు 53 మీటర్లు. ఎత్తు వర్గమూలాన్ని 3.57తో గుణిస్తే క్షితిజం ఎన్ని కిలోమీటర్లో వస్తుంది. ఇక్కడ 26. దీపం ఎంత ప్రకాశవంతమైనా భూమి వంపు అంతకుమించి పోనివ్వదు, ఓడ మీదివాడి కన్ను ఎంత ఎత్తులో ఉంటే అంత కలిసొస్తుంది. మనకు దగ్గరగా దుగరాజపట్నం వైపు తీరంలో ఆర్మగాన్ లైట్‌హౌస్ ఉంది. ఈస్టిండియా కంపెనీ అధికారి ఫ్రాన్సిస్ డే మద్రాసు వెతుక్కుంటూ పోకముందు కంపెనీ అక్కడ వర్తకం చేసేది.

కటకం చేత్తో పట్టుకుని చూడాలంటే అంత దూరం పోనక్కర్లేదు. కాలేజీల్లో మూలపడిన ఓవర్‌హెడ్ ప్రొజెక్టర్‌లోని కటకపు పలక తీసి వేలు రాయండి, సన్నటి గీతలు తగులుతాయి. అవే ఫ్రెనెల్ వలయాలు. మా పిల్లలు ఆ పలకను ఏప్రిల్ ఎండలో పట్టుకుంటే కొబ్బరిపీచు క్షణాల్లో పొగలు కక్కింది. మందం మాత్రం కొన్ని మిల్లీమీటర్లే. ప్రయోగం చేసేవాళ్ళు నల్లటి వెల్డింగ్ అద్దాలు పెట్టుకోండి, పని అయ్యాక పలక మీద గుడ్డ కప్పి నీడలో పెట్టండి. కిటికీ దగ్గర వదిలేస్తే పరదా అంటుకుంటుంది.