ఫోను అడిగేది, మనం ఇచ్చేది



సింగానల్లూరు బస్టాండులో మధురై బస్సు కోసం నిలబడ్డవాళ్ళను చూడండి. నూలుమిల్లుకు వెళ్ళే అమ్మాయి మొదలు పంపుసెట్ల వర్క్‌షాపు మేస్త్రీ వరకు అందరి చేతుల్లోనూ స్మార్ట్‌ఫోనే. ఇంట్లో తెలుగు మాట్లాడి, బడిలో తమిళం చదివిన మనవాళ్ళను చాలా ఫోన్లు ఇంగ్లీషులో ప్రశ్నలడుగుతాయి. ప్రశ్న అర్థం కాకున్నా, పని జరిగితే చాలని 'అలౌ' అన్నచోట నొక్కేస్తాం. చదవని కాగితం మీద వేలిముద్ర వేయడం ఇలాంటిదే కదూ?

దారి చూపే యాప్‌కు మీరెక్కడున్నారో తెలియాలి, సరే. టార్చిలైటు యాప్‌కు మీ చుట్టాల నంబర్లెందుకు?

ఎందుకో అప్పులిచ్చే యాప్‌లు తెలియజెప్పాయి. తాకట్టు లేదు, సాక్షి సంతకం లేదు, నిమిషాల్లో డబ్బు. అడిగేదల్లా ఫోనులోని నంబర్లూ ఫొటోలూ చూసే అనుమతి. వాయిదా ఒక రోజు దాటితే మేనమామకూ, చెల్లెలి అత్తవారికీ, పనిచేసే చోట యజమానికీ ఫోన్లు వెళ్ళేవి. ఫొటోలు మార్చి పంపేవారు. 2020 డిసెంబరులో తెలంగాణ పోలీసులు ఇలాంటి కాల్‌సెంటర్ల మీద దాడులు చేసి పలువురిని అరెస్టు చేశారు. అప్పటికే కొందరు అవమానం భరించలేక ప్రాణాలు తీసుకున్నారు.

మన పొలం మనం కుదువ పెట్టుకోవచ్చు. మేనమామ నంబరు మన సొత్తు కాదే!

2022 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు, అప్పుల యాప్‌లు ఫోనులోని నంబర్లనూ ఫైళ్ళనూ కాల్ వివరాలనూ ముట్టుకోరాదని ఆదేశించింది. గూగుల్ ప్లే స్టోరు కూడా 2023 మే 31 నుంచి అటువంటి నిషేధమే పెట్టింది. అయితే వాట్సాప్‌లో పెళ్ళిపత్రిక అనో, ట్రాఫిక్ జరిమానా అనో వచ్చే యాప్ ఫైలు ఆ స్టోరు గుమ్మం తొక్కకుండానే మీ ఫోనులో దూరుతుంది. దాన్ని తెరవకండి.

ఇచ్చిన అనుమతిని వెనక్కు తీసుకోవచ్చు. ఆండ్రాయిడ్ ఫోన్లలో 2015లో వచ్చిన ఆరో వెర్షను నుంచి ఈ వీలుంది. సెట్టింగ్స్‌లో ప్రైవసీ, అందులో పర్మిషన్ మేనేజర్ తెరవండి. ఫోనును బట్టి పేర్లు కొంచెం మారవచ్చు. కెమెరా, మైకు, కాంటాక్ట్స్ ఏ యాప్‌లకు ఇచ్చారో అక్కడ వరుసగా కనిపిస్తుంది. అక్కరలేనిది ఆపేయండి. కొత్త ఫోన్లలో 'ఈసారి మాత్రమే' అనే వీలూ ఉంది. ఒక్క సంగతి: ఇదివరకే తీసుకుపోయిన నంబర్లు, అనుమతి ఆపినా, యాప్‌నే తీసేసినా తిరిగి రావు. అందుకే మొదటిసారి అడిగినప్పుడే ఆలోచించాలి.

రెండు అనుమతుల దగ్గర మరీ జాగ్రత్త. ఎస్సెమ్మెస్ చూడనిస్తే బ్యాంకు పంపే ఓటీపీ కూడా చూడనిచ్చినట్టే. యాక్సెసిబిలిటీ అనేది చూపులేనివారి వంటివారికి సాయపడేందుకు పెట్టిన ఏర్పాటు. దాన్ని మోసగాడి యాప్‌కు ఇస్తే తెర మీదున్నది చదివి, మీ బదులు తానే మీటలు నొక్కగలదు.

సెట్టింగ్స్‌లో భాషను తెలుగుకో తమిళానికో మార్చుకుంటే ఈ ప్రశ్నలు చాలావరకు ఆ భాషలోనే వస్తాయి. మన పిల్లల్లో తెలుగు మాట్లాడేవారే గాని చదివేవారు తక్కువ, తమిళమైనా మేలే. మోసపోయి డబ్బు పోయిందని తెలిస్తే, ఆలస్యం చేయక 1930 నంబరుకు ఫోను చేయండి.