చిరునామా తెలిసిన మందు

నిరుడు వేసవి సెలవులకు విజయవాడ వెళ్ళాం. తలకు గుడ్డ కట్టుకుని కూర్చున్న వాళ్ళ నానమ్మను చూసి మా అమ్మాయి నన్నడిగింది: "జబ్బు ఒకచోట ఉంటే, మందు జుట్టునెందుకు ఊడగొట్టింది నాన్నా?"

మంచి ప్రశ్నే! కీమోథెరపీ మందులు చాలావరకు త్వరత్వరగా విభజన చెందే కణాలను చంపుతాయి. క్యాన్సర్ కణాలు అలాంటివే. కానీ జుట్టు కుదుళ్ళు, పేగుల లోపలి పొర, ఎముకల్లోని మూలుగ కూడా అలాంటివే. కలుపు మీద చల్లిన మందు పైరునూ మాడ్చినట్టు, ఆ మందుకు తన, పర భేదం తెలియదు. జుట్టు రాలడం, వాంతులు, నోటిపూత అందుకే.

అంతా విని అమ్మ నెమ్మదిగా అడిగింది: "మీ అమెరికాలో ఇంత బాధపెట్టని మందేమీ కనిపెట్టలేదుట్రా?"

ఆ ప్రశ్నకు జవాబు వెతుకుతుంటే ఎదురైనదే నానోటెక్నాలజీ. మీటరులో నూరు కోట్లవ వంతు ఒక నానోమీటరు. మన తలవెంట్రుక మందం సుమారు 80 వేల నానోమీటర్లు. మందు మోసుకెళ్ళే నానో రేణువు దాదాపు 100 నానోమీటర్లే. అంటే ఒక వెంట్రుకకు అడ్డంగా అలాంటివి 800 పేర్చవచ్చు!

క్యాన్సర్ కణితి తన కోసం హడావిడిగా రక్తనాళాలు కట్టుకుంటుంది. హడావిడి పని కదా, గోడల్లో సందులుంటాయి. నానో రేణువులు మామూలు రక్తనాళాల నుంచి అంత తేలిగ్గా బయటికి రావు, ఈ సందుల్లోంచి మాత్రం కణితిలోకి జారుకుంటాయి. జపాన్ శాస్త్రవేత్తలు మత్సుమురా, మయేదా 1986లో ఈ సంగతి బయటపెట్టారు.

డాక్సోరుబిసిన్ గట్టి మందే, కానీ గుండెకు చేటు చేస్తుంది. దాన్ని సన్నని కొవ్వు బుడగల్లో నింపి చేసిన డాక్సిల్‌కు 1995లో అమెరికాలో అనుమతి వచ్చింది. గుండెకు ముప్పు తగ్గింది. పాక్లిటాక్సెల్ నీళ్ళలో కరగదు. ఆముదం నుంచి తీసిన ద్రావకంలో కలిపి ఎక్కిస్తే కొందరికి ఎలర్జీ వస్తుంది కాబట్టి ముందుగా స్టెరాయిడ్లు ఇవ్వాలి. మన రక్తంలో ఉండే ఆల్బుమిన్ అనే ప్రోటీన్‌కే ఆ మందును జతచేసి అబ్రాక్సేన్ తయారుచేశారు. 2005లో రొమ్ము క్యాన్సర్‌కు అనుమతి పొందిన ఈ మందుకు ఆ ద్రావకం అక్కర్లేదు.

అలాగని ఇదేమీ సంజీవని కాదు. డాక్సిల్‌తో అరచేతులు, అరికాళ్ళ చర్మం మండి ఊడవచ్చు. అబ్రాక్సేన్‌తో జుట్టు రాలుతుంది, వేళ్ళు తిమ్మిరెక్కుతాయి. జంతువులపై పదేళ్ళపాటు జరిగిన ప్రయోగాలను 2016లో కలిపి చూస్తే, ఎక్కించిన నానో రేణువుల్లో కణితికి చేరింది నూటికి ఒక పాలు కూడా లేదు. చాలాభాగం కాలేయం, ప్లీహం పట్టేసుకుంటాయి. చిరునామా తెలిసిన మందే కానీ, దారి ఇంకా సరిగ్గా తెలియలేదన్నమాట.

ఇక్కడ నాకు మన భీమవరం బిడ్డ యల్లాప్రగడ సుబ్బారావు గారు గుర్తొస్తారు. ఆయన బృందం తయారుచేసిన అమినాప్టెరిన్‌ను బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ లుకేమియా పిల్లలకు ఇచ్చి, ఫలితాలను 1948లో ప్రకటించారు. పిల్లలు కోలుకున్నారు, కానీ కొన్ని నెలలపాటే. అయినా ఎవరూ ఆ దారి వదల్లేదు. ఈనాడు అమెరికాలో పిల్లల్లో ఎక్కువగా వచ్చే లుకేమియా నూటికి దాదాపు తొంభై మందికి నయమవుతోంది. నానో మందులదీ ఇప్పుడు ఆ తొలి అడుగుల కాలమే.

అమ్మకు అదే చెప్పాను: "ఉందమ్మా, కాస్త నెమ్మదైన మందు ఉంది. నీకు పనికొస్తుందో లేదో నీ డాక్టరుగారినే అడుగుదాం." 'నానో' అని పేరుపెట్టి అద్భుతాలు అమ్మజూపే ప్రకటనలను మాత్రం నమ్మవద్దన్నాను.

అమ్మ మనవరాలి తల నిమిరి నవ్వింది. "నువ్వు చదువుకుని, జుట్టు ఊడని మందు కనిపెట్టవే!"

"సరే నానమ్మా," అంది మా అమ్మాయి.