ఎండ నిండుగా ఉన్నా నీళ్లు వేడెక్కవేం?

ఆకాశంలో మబ్బు తునకైనా లేదు. పొద్దుటి నుంచీ ఎండ కాస్తూనే ఉంది. మేడ మీది సోలార్ వాటర్ హీటర్ అద్దం పగల్లేదు, ట్యాంకు ఎక్కడా కారడం లేదు. అయినా సాయంత్రం కుళాయి తిప్పితే గోరువెచ్చని నీళ్లే వస్తాయి. పుదుచ్చేరి పట్టణంలోని నెల్లితోపు వంటి పేటల్లో, బోరు నీటితో నడిచే హీటర్లు ఉన్న ఇళ్లలో ఇలాంటి ఇబ్బంది ఎప్పుడైనా ఎదురుకావచ్చు. అప్పుడు చాలామంది హీటర్ పాడైందనుకుంటారు. లేదంటే ట్యాంకులోని కరెంటు కాయిల్ స్విచ్ వేసి ఊరుకుంటారు.

ఇలాంటి సందర్భాల్లో తరచుగా వేడి పుట్టకపోవడం అసలు సమస్య కాదు. పుట్టిన వేడి ట్యాంకులోకి చేరకపోవడమే సమస్య. కాయిల్ వేస్తే లోపం కనబడకుండా పోతుంది గానీ బాగుపడదు. 100 లీటర్ల నీటిని 28 డిగ్రీల సెల్సియస్ నుంచి 60 డిగ్రీలకు తేవాలంటే సుమారు 3.7 యూనిట్ల విద్యుత్తు కావాలి. ఎండ ఉచితంగా చేయాల్సిన పనికి ఆ ఇల్లు రోజూ డబ్బు కడుతుందన్నమాట.

మోటారు లేని పంపు

ఇళ్లలో వాడే సోలార్ హీటర్లలో చాలావాటికి పంపు ఉండదు. నీటిని తిప్పేది ఉష్ణ సంవహనమే. ఎండకు వేడెక్కిన నీరు వ్యాకోచించి తేలికవుతుంది. అది కలెక్టర్‌లోంచి పైకి లేచి, ఎత్తులో ఉన్న ట్యాంకులోకి వెళ్తుంది. ట్యాంకు అడుగునున్న చల్లని, బరువైన నీరు కింది గొట్టం గుండా కలెక్టర్‌లోకి దిగుతుంది. ఎండ ఉన్నంతసేపూ ఈ చక్రం తిరుగుతూనే ఉంటుంది.

ఈ పంపు బలం ఎంతో లెక్క వేస్తే ఆశ్చర్యం కలుగుతుంది. 30 డిగ్రీల దగ్గర లీటరు నీరు సుమారు 996 గ్రాములు తూగుతుంది. 60 డిగ్రీల దగ్గర 983 గ్రాములే. తేడా 13 గ్రాములు. అంటే ఒక మీటరు ఎత్తున వేడి, చల్లని నీటి స్తంభాలు పక్కపక్కన ఉంటే, వాటి మధ్య ఒత్తిడి తేడా 13 మిల్లీమీటర్ల నీటి మట్టంతో సమానం. మూడు మీటర్ల ఎత్తున్న ఓవర్‌హెడ్ ట్యాంకు కుళాయికి ఇచ్చే ఒత్తిడి దీనికి రెండు వందల రెట్లకు పైగా ఉంటుంది. అందుకే కుళాయి గొట్టంలో లెక్కలోకి రాని చిన్న అడ్డంకి కూడా హీటర్ చక్రాన్ని ఆపేయగలదు.

నాలుగు అడ్డంకులు

మొదటిది గాలి. చల్లని నీటిలో కరిగే గాలి వేడి నీటిలో అంతగా కరగదు. నీరు కాగేకొద్దీ ఆ గాలి బుడగలై విడిపోతుంది. కలెక్టర్ నుంచి ట్యాంకుకు వెళ్లే గొట్టం అంతటా పైకే వాలి ఉంటే బుడగలు ట్యాంకులోకి చేరి, గాలి గొట్టం గుండా బయటికి పోతాయి. గొట్టం మధ్యలో ఎక్కడైనా వంగి గూనిలా లేస్తే గాలి అక్కడే నిలిచి దారి మూసేస్తుంది. ప్లంబర్లు ఎయిర్ లాక్ అనేది దీన్నే.

రెండోది నీటి మట్టం. వేడి నీటి గొట్టం ట్యాంకులో చేరే చోటుకన్నా నీరు కిందికి దిగితే చక్రం తెగిపోతుంది. చన్నీళ్ల ట్యాంకు వేడి నీటి ట్యాంకుకన్నా ఎత్తులో లేకపోయినా, అది తరచూ ఖాళీ అవుతున్నా ఇదే జరుగుతుంది.

మూడోది గార. పుదుచ్చేరి నీటి అవసరాలు ప్రధానంగా భూగర్భ జలాల మీదే ఆధారపడి ఉన్నాయి. కఠిన జలాన్ని వేడి చేస్తే అందులోని కాల్షియం బైకార్బనేట్ విడిపోయి, కరగని కాల్షియం కార్బనేట్‌గా మారుతుంది. గిన్నె అడుగున పట్టే తెల్లటి పొర అదే. భారతీయ ప్రమాణాల ప్రకారం తాగునీటిలో మొత్తం కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాములు మించకూడదు. వేరే నీటి వనరు లేకపోతే 600 వరకు అనుమతిస్తారు. తాగడానికి అనుమతి ఉన్న ఆ నీరే హీటర్‌కు శత్రువు కావచ్చు. 12 మిల్లీమీటర్ల లోపలి వ్యాసమున్న గొట్టంలో చుట్టూ ఒక్క మిల్లీమీటరు గార పడితే దారి 10 మిల్లీమీటర్లకు తగ్గుతుంది. మెల్లగా సాగే ప్రవాహం వ్యాసం నాలుగో ఘాతాన్ని బట్టి మారుతుంది గనుక, అదే ఒత్తిడికి పారే నీరు దాదాపు సగానికి పడిపోతుంది. పైగా గార రాగికన్నా వంద రెట్లకు పైగా తక్కువగా వేడిని ప్రసరింపజేస్తుంది.

నాలుగోది రాత్రి పూట తిరోగమనం. కలెక్టర్ పై అంచుకన్నా ట్యాంకు అడుగు ఎత్తులో ఉండాలి. లేకపోతే రాత్రి కలెక్టర్‌లో చల్లబడిన నీరు బరువెక్కి ట్యాంకు అడుక్కి జారుతుంది. ట్యాంకులోని వేడి నీరు పై గొట్టం గుండా కలెక్టర్‌లోకి వస్తుంది. పగలు దాచుకున్న వేడి తెల్లారేలోపు ఆకాశం పాలవుతుంది.

లోపం ఎక్కడుందో తెలుసుకోవడం ఎలా?

ముందు కరెంటు కాయిల్‌ను పూర్తిగా ఆపాలి. ఒకటి రెండు ఎండ రోజులు గడిచాక, మధ్యాహ్నం రెండు మూడు గంటల వేళ పరిశీలించాలి. గొట్టాలను వట్టి చేత్తో పట్టుకోకూడదు. మందపాటి బట్ట అడ్డం ఉండాలి.

కలెక్టర్ పై గొట్టం కాలిపోతూ, ట్యాంకులో నీరు చల్లగా ఉంటే ప్రసరణ ఆగిందని అర్థం. గాలి, నీటి మట్టం, గార వరుసగా చూసుకోవాలి. పై గొట్టం కూడా వేడెక్కకపోతే నీడ, దుమ్ము వంటివి కారణం కావచ్చు. పక్కన కొత్తగా లేచిన అంతస్తు ఎండను ఆపుతున్నదేమో చూడాలి. ట్యాంకులో నీరు వేడిగా ఉండి కుళాయిలో చల్లగా వస్తుంటే తప్పు హీటర్‌ది కాదు. స్నానాల గదిలోని మిక్సర్ కుళాయిలో చన్నీళ్లు వేడి నీటి గొట్టంలోకి చొరబడుతున్నాయేమో చూడాలి. ఆ మిక్సర్‌కు వచ్చే చన్నీళ్ల వాల్వు కట్టేసినప్పుడు వేడి నీళ్లు వస్తే దొంగ దొరికినట్లే. సాయంత్రం వేడిగా ఉన్న నీరు వాడకుండానే తెల్లారేసరికి చల్లబడితే తిరోగమనాన్నో, ట్యాంకు చుట్టూ ఉన్న ఉష్ణ నిరోధక పొర పాడవడాన్నో అనుమానించాలి.

గాజు గొట్టాల హీటర్లలో వేడి నీరు పైకి, చల్లని నీరు కిందికి ఒకే గొట్టంలో కదులుతాయి. అక్కడ గార, ఇసుక గొట్టం అడుగున పేరుకుంటాయి. ఎండలో ఖాళీగా కాలుతున్న గాజు గొట్టంలో చన్నీళ్లు పోస్తే అది పగిలిపోవచ్చు. కాబట్టి శుభ్రం చేసే పని తెల్లవారుజామునే పెట్టుకోవాలి.

ఒక పాత పరిష్కారం

కలెక్టర్‌ను, ట్యాంకును వేరు చేసి సహజ ప్రసరణతో నడిచే హీటర్‌ను అమెరికాలోని కాలిఫోర్నియాలో విలియం బెయిలీ 1909లో అమ్మకానికి తెచ్చాడు. 1913లో అక్కడ పడిన గడ్డు చలికి గొట్టాల్లో నీరు గడ్డకట్టి అవి పగిలిపోయాయి. దాంతో ఆయన కలెక్టర్‌లో ఆల్కహాల్ కలిపిన నీటిని విడిగా తిప్పాడు. ట్యాంకులో పెట్టిన లోహపు చుట్ట ద్వారా దాని వేడి మాత్రం వాడుక నీటికి చేరేది.

అక్కడ చలికి విరుగుడుగా పుట్టిన ఈ ఉపాయమే ఇక్కడ గారకు విరుగుడు. ఇలాంటి ఉష్ణ వినిమయ చుట్ట ఉన్న హీటర్లలో కలెక్టర్ గుండా ఎప్పుడూ అదే నీరు తిరుగుతుంది. కొత్త సున్నం రాదు కనుక గొట్టాలు పూడుకుపోవు. గార పడితే ట్యాంకులోని చుట్ట మీదే పడుతుంది. కఠిన జలం వచ్చే చోట కొత్త హీటర్ కొనేవారు ముందుగా నీటిని పరీక్ష చేయించి, ఈ రకాన్ని అడగడం మేలు.

పుదుచ్చేరి నుంచి ఫ్రాన్స్ వెళ్లి స్థిరపడిన కుటుంబాలకు ఇదే భౌతికశాస్త్రం మరో రూపంలో ఎదురవుతుంది. అక్కడ బాయిలర్ వేడి నీటిని పంపుతో గదుల్లోని రేడియేటర్లకు పంపుతుంది. రేడియేటర్ పైభాగం చల్లగా ఉంటే లోపల గాలి చేరిందని, కిందిభాగం చల్లగా ఉంటే తుప్పు మడ్డి పేరుకుందని అనుమానిస్తారు. గాలి పైకి, మడ్డి కిందికి చేరడం ఏ దేశంలోనైనా ఒకటే.

జాగ్రత్తలు

ట్యాంకు పైనున్న గాలి గొట్టాన్ని నీరు కారుతోందని ఎన్నడూ మూయకూడదు. ఆవిరి పోయే దారి అదే. అది మూసుకుంటే ట్యాంకు ఉబ్బి పగిలే ప్రమాదం ఉంది. 60 డిగ్రీల నీరు కొద్ది సెకన్లలోనే చర్మాన్ని కాలుస్తుంది. పిల్లలు, వృద్ధులున్న ఇంట్లో ముందు చన్నీళ్లు పట్టి, తర్వాత వేడి నీళ్లు కలపాలి. గారను కరిగించడానికి ఆమ్లం వాడే పని తెలిసినవారికే వదిలేయాలి. దాన్ని బ్లీచింగ్‌తో కలిపితే విషపూరితమైన క్లోరిన్ వాయువు వెలువడుతుంది.

పుదుచ్చేరిలో అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాల కాలం. ఎండ తగ్గేదీ, వేణ్ణీళ్లు ఎక్కువగా కావలసిందీ అప్పుడే. దీపావళి తలంటుకు నీళ్లు కాగలేదని తెలుసుకునేకన్నా, సెప్టెంబరులోనే ఒక ఎండ మధ్యాహ్నం మేడ ఎక్కి గొట్టాలను పరిశీలించడం తేలిక.