మోత తండ్రిది... మౌనం కొడుకుది!

తండ్రి కనిపెట్టింది చెవులు చిల్లులు పడేలా మోగే తుపాకీ. కొడుకు కనిపెట్టిందేమో ఆ మోతను మింగేసే గొట్టం. మధ్యలో బలైపోయినవి తండ్రి చెవులే!

ఆ తండ్రి హైరమ్ స్టీవెన్స్ మాక్సిమ్. అమెరికాలో పుట్టి లండన్‌లో స్థిరపడి, 1884లో మెషీన్ గన్ తయారుచేశాడు. దాన్ని పదేపదే పేల్చి పరీక్షించడంతో వినికిడి పోగొట్టుకున్నాడు. ఆయన ఐరోపా వెళ్లిపోయేనాటికి కొడుకు హైరమ్ పెర్సీ మాక్సిమ్ ఇంకా చిన్నవాడే.

స్నానాల తొట్టిలో ఐడియా!

తొట్టిలోని నీరు సుడి తిరుగుతూ కిందికి జారడం చూస్తుంటే పెర్సీకి ఆలోచన తట్టిందంటారు. తూటాతోపాటు దూసుకొచ్చే వాయువునూ అలాగే తిప్పి తిప్పి, నెమ్మదిగా వదిలితే? అలా పుట్టిన సైలెన్సర్‌కు 1909లో పేటెంట్ వచ్చింది. అమెరికా మాజీ అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ కూడా తన రైఫిల్‌కు ఒకటి బిగించుకున్నాడు.

సినిమాల్లో సైలెన్సర్ పెడితే 'తుస్' మంటుంది. నిజానికి అంత సీన్ లేదు! రైఫిల్ మోత సుమారు 160 డెసిబెల్స్. 140 దాటితే ఒక్క పేలుడుకే చెవి దెబ్బతినొచ్చు. సైలెన్సర్ తగ్గించేది మహా అయితే 20 నుంచి 35 డెసిబెల్స్. పైగా తూటా ధ్వని కన్నా వేగంగా వెళ్తే గాల్లో పుట్టే 'ఛట్' శబ్దాన్ని అదేమీ చేయలేదు. చెవిని కాపాడుతుందే తప్ప, తుపాకీని మూగదాన్ని చేయదు.

వెంట్రుకవాసి లెక్క

ఇంతకీ దీన్ని బిగించేదెలా? సీసాకు మూత తిప్పినట్టే. గొట్టం కొసన మరలు కోసి సైలెన్సర్‌ను తిప్పి బిగిస్తారు. వినడానికి తేలికే కానీ, అసలు కష్టమంతా ఇక్కడే ఉంది. సైలెన్సర్ లోపల వరసగా చిల్లుల పళ్లేలు ఉంటాయి. తూటా వాటన్నిటి మధ్య నుంచీ తగలకుండా పోవాలి. తూటా చుట్టూ ఉండే ఖాళీ చాలాసార్లు మిల్లీమీటరు కూడా ఉండదు. ఇరవై సెంటీమీటర్ల సైలెన్సర్ అర డిగ్రీ వాలితే చాలు, అవతలి కొస 1.7 మిల్లీమీటర్లు పక్కకు జరుగుతుంది. అప్పుడు తూటా పళ్లేన్ని చీల్చుకుంటూ పోతుంది. సైలెన్సర్ బద్దలైతే పేల్చినవాడికీ ముప్పే.

ఇంకో తిరకాసు కూడా ఉంది. గొట్టం పైభాగం గుండ్రంగా, తిన్నగా కనిపించినా లోపలి రంధ్రం సరిగ్గా నడిమధ్యన ఉండకపోవచ్చు. అందుకే అనుభవమున్న పనివాడు పైభాగాన్ని నమ్మడు. లోపలి రంధ్రాన్నే ఆధారం చేసుకుని లేత్ మీద మరలు కోస్తాడు. సైలెన్సర్ వచ్చి ఆనే మెట్టు కూడా రంధ్రానికి లంబంగా ఉండాలి. అన్నీ కుదిరాయనిపించినా సరే, లోపల కొలత కడ్డీ పెట్టి, అది చిల్లుల మధ్యగా పోతోందని చూసుకున్నాకే తూటా పెట్టాలి.

పెర్సీ 1910 మోడల్‌లో రంధ్రం నడిమధ్యన ఉండదు. సైలెన్సర్ ఒళ్లు కిందికి వేలాడుతుంది. గురిచూసే కంటికి అడ్డు రాకూడదని అలా చేశాడు!

నేరాల భయంతో 1934లో అమెరికా ప్రభుత్వం సైలెన్సర్‌పై 200 డాలర్ల పన్ను వేసింది. అప్పట్లో సైలెన్సర్ ధర కన్నా పన్నే ఎక్కువ! 2026 జనవరి 1 నుంచి దాన్ని సున్నా చేశారు. రిజిస్ట్రేషన్ మాత్రం తప్పదు. ఫిన్లాండ్, నార్వేల్లో మాత్రం వేటగాళ్లకు ఇదో మామూలు పరికరం.

పెర్సీ కంపెనీ ఆ తర్వాత ఇంజిన్లకూ సైలెన్సర్లు చేసింది. 1936లో, పెర్సీ కన్నుమూసిన ఏడాదే, తండ్రి గురించి ఆయన రాసిన పుస్తకం వెలువడింది. మోతకు చెవులు అర్పించిన ఆ తండ్రికి మాత్రం కొడుకు సృష్టి పాతికేళ్లు ఆలస్యంగా వచ్చింది.