సాంకేతిక రచన మూలసూత్రాలు: ఒక ఓఆర్‌ఎస్ కరపత్రం ఆధారంగా పరిశీలన

ఉపోద్ఘాతం

వేదాంత కళాశాలలో మనకు ప్రసంగశాస్త్రం నేర్పుతారు, పరిశోధన వ్యాసం రాసే పద్ధతి నేర్పుతారు. కాని సంఘ పరిచర్యలో అడుగుపెట్టాక మనం రాసేవాటిలో చాలా భాగం ఈ రెండింటిలో దేనికీ చెందదు. వైద్య శిబిరానికి కరపత్రం, తుపాను సహాయం పంచేటప్పుడు సూచనలు, మందిర నిర్మాణ కమిటీకి నివేదిక, పొదుపు సంఘానికి నిబంధనలు, కొత్తగా కొన్న జనరేటరును ఎలా నడపాలో గోడకు అంటించే కాగితం - ఇవన్నీ సాంకేతిక రచనలే. ఒక పని చేయడానికి గాని, ఒక విషయాన్ని ఉన్నది ఉన్నట్టు తెలుసుకోవడానికి గాని ఎవరైనా చదివే రచనకు ఆ పేరు వర్తిస్తుంది. అది కంప్యూటర్ల వారికీ ఇంజనీర్లకూ సంబంధించినదని మనం పక్కన పెట్టేస్తుంటాం.

ఈ రచనకు మూలసూత్రాలు ఏమిటో ఒకే ఉదాహరణ పట్టుకుని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. ఆ ఉదాహరణ నేనే రాసి, నేనే చెడగొట్టిన ఒక కరపత్రం.

సంఘటన

2009 అక్టోబరు మొదటి వారంలో కృష్ణా, తుంగభద్ర నదులకు వచ్చిన వరద పాఠకులకు గుర్తుండే ఉంటుంది. నీరు తీసిన తరువాత మా పరిచర్యలోని లంక గ్రామాల్లో పిల్లలకు విరేచనాలు పట్టుకున్నాయి. పంచడానికి ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు వచ్చాయి గాని, వాటిమీది అక్షరాలు సన్నవి, పైగా ఇంగ్లీషువి. తెలుగులో ఒక కాగితం రాసే పని నాకు అప్పగించారు. అప్పట్లో నా తెలుగు మీద నాకు కొంత గర్వం ఉండేది. ఒక రాత్రి కూర్చుని రాశాను. మొదటి వాక్యం ఇది:

“అతిసార వ్యాధిగ్రస్తులైన శిశువుల శరీరమందలి జలాంశము, లవణములు క్షీణించకుండా నివారించుటకై ఈ ప్యాకెట్‌లోని పదార్థమును ఒక లీటరు పరిశుభ్రమైన నీటిలో కలిపి, ఆ విధముగా తయారైన ద్రావణము తగు మోతాదులో త్రాగించబడవలెను.”

రెండు రోజుల తరువాత ఒక ఇంటికి ప్రార్థనకు వెళ్ళాను. అమ్మమ్మ ఒడిలో ఏడాదిన్నర పిల్లవాడు. పక్కన స్టీలు గ్లాసులో తెల్లగా చిక్కటి నీళ్ళు. ప్యాకెట్ మొత్తం ఆ గ్లాసులోనే కలిపేసింది. “కాగితం చదివించుకోలేదా, అమ్మా?” అని అడిగాను. “పెద్దోడు చదివి చెప్పాడు అయ్యగారూ. నీళ్ళలో కలిపి తాగించమన్నారంట గదా. కలిపాను. ఉప్పగా ఉందని ఊసేస్తున్నాడు” అంది.

వాడు ఊసివేయడం మంచిదయింది.

ఆ తప్పు ఎంత పెద్దదో కొంత వివరంగా చెప్పాలి. లీటరు నీటికి తయారుచేసిన ప్యాకెట్‌లో 2.6 గ్రాముల ఉప్పు, 13.5 గ్రాముల గ్లూకోజు, 1.5 గ్రాముల పొటాషియం క్లోరైడ్, 2.9 గ్రాముల ట్రైసోడియం సిట్రేట్ ఉంటాయి. గ్లూకోజు తోడుంటే పేగు ఉప్పును లోపలికి తీసుకుంటుంది, దాని వెంట నీటిని తీసుకుంటుంది. విరేచనాలు అవుతున్నప్పుడు కూడా ఈ మార్గం పనిచేస్తుంది. అందుకే సెలైన్ సీసా లేని చోట ఈ నీళ్ళు ప్రాణం నిలబెడతాయి. అంతకుముందు వాడిన పాళ్ళలో ఉప్పు 3.5 గ్రాములు, గ్లూకోజు 20 గ్రాములు ఉండేవి. ఎన్నో పరిశోధనల తరువాత 2002లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ వాటిని తగ్గించాయి. ఒక గ్రాము కంటే తక్కువ ఉప్పు తేడాకు శాస్త్రజ్ఞులు అంత శ్రమపడ్డారు. లీటరులో కలపవలసినది 200 మిల్లీలీటర్ల గ్లాసులో కలిపితే అదే ఉప్పు ఐదు రెట్లు చిక్కబడుతుంది. రక్తంలో సోడియం ప్రమాదకరంగా పెరుగుతుంది. నీళ్ళు మరీ ఎక్కువైతే మందు పలచబడి పని తగ్గుతుంది.

నా వాక్యంలో ‘ఒక లీటరు’ అన్న మాట ఉంది. పరీక్షలో నాకు మార్కులు పడేవే. కాని పదేళ్ళ పిల్లవాడు బిగ్గరగా చదువుతుంటే, ఏడుస్తున్న పిల్లవాణ్ణి ఎత్తుకుని వింటున్న అమ్మమ్మకు ఆ మాట అందలేదు. సాంకేతిక రచనలో విషయం కాగితం మీద ఉండడం సరిపోదు, చదివినవారి చేతుల్లో సరైన పని జరగాలి. మిగిలిన సూత్రాలన్నీ దీని నుంచి వచ్చేవే.

వాక్యం

మన భాషలో క్రియ చివర వస్తుంది. అది తెలుగు అందం. అయితే పొడవైన వాక్యంలో చేయవలసిన పని ఏమిటో తెలిసేసరికి వినేవారి ఊపిరి అయిపోతుంది. పై వాక్యంలో పనులు మూడున్నాయి: నీళ్ళు కొలవడం, కలపడం, తాగించడం. ఆ మూడూ ఒకే క్రియ వెనుక నిలబడ్డాయి. కొలవడం అనే పనికైతే క్రియే లేదు! అది ‘ఒక లీటరు’ అన్న విశేషణంలో దాక్కుంది. పనికొక వాక్యం, చేసే వరుసలోనే వాక్యాల వరుస - ఇంత చిన్న మార్పుతో సగం పొరపాట్లు తగ్గుతాయి. నా కాగితంలో చేతులు కడుక్కోమన్న సలహా అట్టడుగున ఉంది. అది చదివేవేళకు చేతులు గ్లాసులో మునిగే ఉంటాయి.

‘త్రాగించబడవలెను’ గురించి కూడా చెప్పాలి. కర్మణి ప్రయోగం తెలుగువారి నాలుక మీద లేదు. ఇంగ్లీషు నియమావళులను, ప్రభుత్వ ఉత్తర్వులను అనువదించి అనువదించి మనం అలవాటు చేసుకున్నాం. సంఘ ప్రకటనల్లోనూ ‘కానుకలు స్వీకరించబడును’, ‘భోజనము ఏర్పాటు చేయబడినది’ అని రాస్తాం. పని ఎవరు చేయాలో అది చెప్పదు. ‘తాగించండి’ అంటే ఎదురుగా ఉన్న తల్లి తనతోనే చెబుతున్నారని గ్రహిస్తుంది.

షరతు విషయంలో మాత్రం తెలుగు మనకు సాయపడుతుంది. ‘వాంతి అయితే 10 నిమిషాలు ఆగండి. తరువాత కొంచెం కొంచెంగా తాగించండి.’ షరతు ముందు, పని తరువాత. ఇంగ్లీషు కాగితాన్ని ముందు పెట్టుకుని అనువదించినప్పుడే ఈ వరుస తలకిందులవుతుంది.

మాట

నా కరపత్రంలో ఒకే వస్తువును మొదట ‘పదార్థము’ అన్నాను, తరువాత ‘ద్రావణము’, ఆపైన ‘మిశ్రమము’, చివర ‘పానీయము’. చెప్పిన మాటే చెప్పకూడదని బడిలో మా తెలుగు మాస్టారు నేర్పిన నియమం అది. వ్యాసానికి అది మంచిదే. సూచనలకు అది హాని. ‘మిశ్రమము’ అన్నచోట ఇంకేదో కలపాలనుకుని పంచదార వేసినవారు కూడా మాకు తారసపడ్డారు. ఒక వస్తువుకు ఒకే పేరు పెట్టి, విసుగనిపించినా చివరి దాకా ఆ పేరే వాడాలి.

ఆ పేరు ఎవరిది కావాలి? ఇక్కడ బంగ్లాదేశ్ అనుభవం మనకు చాలా నేర్పుతుంది. బ్రాక్ అనే స్వచ్ఛంద సంస్థ 1980 నుంచి 1990 వరకు ఇంటింటికీ మహిళా కార్యకర్తలను పంపి, 1 కోటి 20 లక్షలకు పైగా ఇళ్ళలో తల్లులకు ఇంట్లోనే ఉప్పు-బెల్లం నీళ్ళు తయారుచేయడం నేర్పింది. మూడు వేళ్ళతో చిటికెడు ఉప్పు, గుప్పెడు బెల్లం, అర సేరు నీళ్ళు. గ్రాములు లేవు, మిల్లీలీటర్లు లేవు, తల్లి చేతి వేళ్ళే కొలత. చెప్పవలసినదంతా ఏడు అంశాలకు కుదించారు. ఇంటిలోని పాత్ర మీదే అర సేరు ఎక్కడికి వస్తుందో గుర్తు పెట్టించారు.

తల్లులు బాగా నేర్చుకున్నారు, అడిగితే తప్పు లేకుండా చెప్పారు. అయినా పిల్లలకు జబ్బు చేసినప్పుడు చాలామంది ఆ నీళ్ళు తాగించలేదు. కారణం వెదికితే, చిక్కు ఒక మాట దగ్గర ఉంది. కార్యకర్తలు వాడిన ‘డయేరియా’ అన్న మాట ఆ పల్లెల్లో నీళ్ళలాగా పోయే తీవ్రమైన జబ్బుకే చెల్లుతుంది. పాలు తాగే బిడ్డకు అయ్యే విరేచనాలకు ఒక పేరు, అజీర్తి వల్ల అయ్యేవాటికి ఒక పేరు, జిగటగా అయ్యేవాటికి మరొక పేరు ఉన్నాయి. వాటికి ఈ నీళ్ళు వర్తిస్తాయని తల్లులు అనుకోలేదు. నేర్పినవారి మాట పెద్దది, విన్నవారి మాట చిన్నది.

మన దగ్గరా ఇంతే. ‘అతిసారం’ పత్రికల మాట. కొన్ని ఊళ్ళలో ‘బేదులు’ అంటారు, ఇప్పుడు పల్లెల్లో కూడా ‘మోషన్స్’ అంటున్నారు. ఇక ‘విరేచనం’ అనే మాటకు మామూలు మలవిసర్జన అనే అర్థం కూడా ఉంది, ‘విరేచనం సాఫీగా అవుతోందా’ అని డాక్టర్లు అడుగుతారు గదా. కాబట్టి రాసే ముందు నలుగురు తల్లులను కూర్చోబెట్టి ‘దీన్ని మీరేమంటారు?’ అని అడగడం తప్ప వేరే దారి లేదు. నెహెమ్యా గ్రంథం 8వ అధ్యాయంలో లేవీయులు ధర్మశాస్త్రాన్ని చదవడంతో ఆగక, జనులు గ్రహించేలా దాని అర్థం చెప్పారని మనం తరచుగా ప్రసంగిస్తాం. అదే శ్రమ మన కరపత్రాలకు కూడా అవసరమని నాకు ఆలస్యంగా తోచింది.

అక్షరాల పరిమాణం

ఏ మాటను పెద్దగా, ఏ మాటను చిన్నగా అచ్చువేస్తామన్నది కూడా రచనలో భాగమే. దీనికి ఈమధ్యనే మన రాష్ట్రాలకు దగ్గరి ఉదాహరణ ఒకటి జరిగింది. చక్కెర ఎక్కువగా ఉన్న కొన్ని పానీయాలు తమ పేరులో ‘ఓఆర్‌ఎస్’ అన్న అక్షరాలను పెద్దగా పెట్టుకుని మందుల షాపుల్లో అమ్ముడయ్యేవి. అది ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసిన ఓఆర్‌ఎస్ కాదన్న ప్రకటన డబ్బా మీద ఉంటే చాలునని ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2022లో అనుమతించింది. విరేచనాలతో ఉన్న బిడ్డకు అంత చక్కెర పడితే జబ్బు ముదురుతుంది. హైదరాబాద్‌లోని పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ దీనిపై ఏళ్ళ తరబడి పోరాడారు. చివరకు 2025 అక్టోబరులో ఆ అనుమతి రద్దయింది. చట్టం దృష్టిలో హెచ్చరిక ఉంది. బిడ్డ తల్లి దృష్టిలో లేదు. పెద్ద అక్షరం చెప్పినదాన్ని చిన్న అక్షరం ఖండించలేదు.

పరీక్ష

బ్రాక్ వారు చేసిన మరొక పని నన్ను ఆశ్చర్యపరిచింది. నేర్పి వచ్చిన కొన్ని వారాలకు వేరొక బృందం కొందరు తల్లుల దగ్గరకు వెళ్ళి, ఏమి గుర్తుందో అడిగేది, నీళ్ళు తయారుచేయించి చూసేది. ఆ నమూనాలు ప్రయోగశాలకు వెళ్ళేవి. తల్లికి ఎంత వచ్చిందన్నదాన్ని బట్టి కార్యకర్తకు జీతం! మన ప్రసంగాలకు ఈ పద్ధతి పెడితే ఏమవుతుందోనని ఒక్క క్షణం భయం వేసింది.

మేము చేయగలిగినది చేశాం. రెండవ ప్రతి రాశాక దాన్ని ఒక తల్లి చేతిలో పెట్టి, ప్యాకెట్, బిందె, గ్లాసు ముందుంచి, ‘ఇందులో ఉన్నట్టు చేయండమ్మా’ అని చెప్పి పక్కన కూర్చున్నాం. అందరికీ పెట్టిన నియమం ఒకటే: మాట్లాడకూడదు. ఆమె ఆగినచోట మన వాక్యం ఆగినట్టు. నోరు మూసుకుని కూర్చోవడం బోధకులకు ఎంత కష్టమో చెప్పనక్కరలేదు. ‘లీటరు’ దగ్గర ఆమె ఆగి మా ముఖాలు చూసింది. ఇంట్లో లీటరు కొలత ఏముంటుంది? మా వెంట వచ్చిన ఒక యువకుడి చేతిలో మంచినీళ్ళ సీసా ఉంది. ఆమె చూపు దాని మీద పడింది. మూడవ ప్రతి అక్కడ పుట్టింది:

“చేతులు సబ్బుతో కడుక్కోండి. లీటరు మంచినీళ్ళ సీసా తీసుకోండి. దాన్ని మంచినీళ్ళతో నిండా నింపండి. ఆ నీళ్ళన్నీ శుభ్రమైన గిన్నెలో పోయండి. ప్యాకెట్ మొత్తం అందులో వేసి కలపండి. గ్లాసులో కలపకండి: ఉప్పు ఎక్కువై బిడ్డకు ప్రమాదం. నీళ్ళ విరేచనం అయిన ప్రతిసారీ తాగించండి. రెండేళ్ళలోపు బిడ్డకు పావు గ్లాసు నుంచి అర గ్లాసు. రెండేళ్ళు దాటితే అర గ్లాసు నుంచి గ్లాసు. తల్లిపాలు ఆపకండి. మిగిలిన నీళ్ళు మరునాడు ఇదే వేళకు పారబోయండి. రక్తం పడినా, బిడ్డ తాగలేకపోయినా, మత్తుగా పడి ఉన్నా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళండి.”

‘ఉప్పు ఎక్కువై’ అన్న కారణాన్ని తీసేయాలని ఒకరు వాదించారు, స్థలం చాలదని. నేను ఉంచాను. కారణం తెలిసినవారు కాగితం చిరిగిపోయినా సరిగానే కలుపుతారు. ఒక జాగ్రత్త: 200 మిల్లీలీటర్ల చిన్న ప్యాకెట్లు కూడా బజారులో ఉన్నాయి. వాటికి ఈ కాగితం పనికిరాదు. ఏ ప్యాకెట్ పంచుతున్నారో చూసి, దానికి తగ్గట్టు మళ్ళీ రాయాలి.

విద్యార్థులకు ఒక మాట. మీ పరిశోధన వ్యాసంలో పద్ధతిని వివరించే అధ్యాయం కూడా ఇలాంటి రచనే. ‘కొన్ని సంఘాలను సందర్శించి, విశ్వాసులతో సంభాషించడమైనది’ అని రాస్తే మరొకరు ఆ పని మళ్ళీ చేయలేరు. ఎన్ని సంఘాలు, ఎవరితో, ఏ ప్రశ్నలు, ఏ నెలలో - ఇవి చెప్పాలి.

ఇప్పుడు మా కరపత్రంలో తేలని వాక్యం ఒకటి మిగిలి ఉంది. ఓఆర్‌ఎస్‌తో పాటు జింకు మాత్రలు 14 రోజులు వేయాలి: ఆరు నెలలు దాటిన బిడ్డకు రోజుకు 20 మిల్లీగ్రాములు, రెండు నుంచి ఆరు నెలల లోపు బిడ్డకు అందులో సగం. మూడో రోజుకు విరేచనాలు తగ్గగానే తల్లులు మాత్రలు ఆపేస్తున్నారు. ‘తగ్గినా ఆపకండి’ అని రాశాం, చాలలేదు. 14 గళ్ళు గీసి, మాత్ర వేసిన రోజు గడి కొట్టేయమని ఈసారి కాగితం వెనుక అచ్చువేశాం. పది ఇళ్ళకు ఇచ్చి వచ్చాం. రెండు వారాల తరువాత వెళ్ళి గళ్ళు లెక్కపెట్టాలి.