ఆస్ట్రేలియా కౌన్సిళ్లలో ఆదిమవాసులకు ఉద్యోగాలు

వీధి దీపాలు, మంచినీళ్లు, మురుగు కాలువలు, చెత్త ఎత్తడం: ఇవి మన ఊళ్లో పంచాయతీ పనులని మీకు తెలుసు. పట్టణమైతే మునిసిపాలిటీ చూస్తుంది. ఆస్ట్రేలియాలో ఇలాంటి స్థానిక సంస్థలను కౌన్సిళ్లు అంటారు. కేంద్ర ప్రభుత్వం, రాష్ట్ర ప్రభుత్వాల తరువాత మూడో మెట్టు వీటిది. దేశం మొత్తం మీద ఇవి 500కు పైగా ఉన్నాయి. రోడ్లు, పార్కులు, గ్రంథాలయాలు, ఈత కొలనులు, ఇళ్ల ప్లాన్లకు అనుమతులు వీటి చేతిలోనే ఉంటాయి. బడులు, పోలీసు శాఖ మాత్రం రాష్ట్రాలవి.

ఆ దేశంలో 50 వేల ఏళ్లకు పైగా నివసిస్తున్న వారు అబోరిజినల్ ప్రజలు. 1788లో బ్రిటిష్ వారు వలస వచ్చాక వారి భూములు పోయాయి. 2021 జనగణనలో అబోరిజినల్, టోర్రెస్ జలసంధి దీవుల ప్రజలు కలిపి 8,12,728 మంది. అంటే జనాభాలో 3.2 శాతం. దేశం మొత్తంలో ఇది చిన్న సంఖ్యే. కాని లోపలి ప్రాంతాలకు వెళితే లెక్క మారుతుంది. న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రంలోని బ్రూవరినా ప్రాంతంలో 2016 జనగణన ప్రకారం సగానికి మించి వారే ఉన్నారు.

ఇలాంటి చిన్న ఊళ్లలో చాలా చోట్ల అందరికన్నా ఎక్కువ మందికి పని ఇచ్చేది కౌన్సిలే. గొర్రెల పెంపకంలో, పొలాల్లో యంత్రాలు వచ్చి కూలి పనులు తగ్గాయి. గని పని గని ఉన్నంత కాలమే. కౌన్సిల్ ఉద్యోగం అలా కాదు. ఊరు ఉన్నంత కాలం రోడ్డు వేయాలి, చెత్త ఎత్తాలి. పైగా ఊరు విడిచి పోకుండా, తన వాళ్ల మధ్యే ఉండి చేసుకోగల ఉద్యోగం అది. అందుకే అబోరిజినల్ కుటుంబాలకు అందులో చోటు దొరకడం, దొరకకపోవడం బతుకుతెరువుకు సంబంధించిన సంగతి.

పాత అనుభవం

కౌన్సిల్ ప్రకటన వేస్తే దరఖాస్తులు వాటంతట అవే వస్తాయని అనుకోవచ్చు. అలా ఎందుకు రావో తెలియాలంటే కొంత చరిత్ర చూడాలి.

న్యూ సౌత్ వేల్స్‌లో మోరీ అనే పట్టణం ఉంది. అక్కడి కౌన్సిల్ 1955లో తన ఈత కొలనులోకి అబోరిజినల్ ప్రజలు రాకూడదని తీర్మానం చేసింది. 1965 ఫిబ్రవరిలో చార్లెస్ పెర్కిన్స్ నాయకత్వంలో సిడ్నీ విశ్వవిద్యాలయ విద్యార్థులు బస్సులో వచ్చి, అబోరిజినల్ పిల్లలను వెంటబెట్టుకుని కొలను దగ్గర నిలబడి నిరసన తెలిపారు. ఆ పిల్లల మనవలు ఇప్పుడు ఉద్యోగాల వయసులో ఉన్నారు. తాతను గేటు దగ్గరే ఆపిన కార్యాలయానికి మనవడు ధైర్యంగా దరఖాస్తు పట్టుకెళ్లాలంటే నోటీసు బోర్డు మీద ఒక కాగితం అంటిస్తే చాలదు.

రెండో ఉదాహరణ క్వీన్స్‌లాండ్ రాష్ట్రంలోని పామ్ ఐలాండ్. ప్రభుత్వం ఎక్కడెక్కడి అబోరిజినల్ కుటుంబాలనో పట్టి తెచ్చి ఈ దీవిలో ఉంచింది. దీవిలో పనులన్నీ వారే చేసేవారు. కూలి మాత్రం నామమాత్రం. 1957లో వారు సమ్మె చేశారు. సమ్మె అణచివేసి ఏడుగురు నాయకులను కుటుంబాలతో సహా దీవి నుండి వెళ్లగొట్టారు. 1975లో జాతి వివక్షను నిషేధించే చట్టం వచ్చిన తరువాత కూడా అక్కడి కార్మికులకు చట్టబద్ధమైన వేతనం అందలేదు. 1996లో మానవ హక్కుల కమిషన్ ఇది వివక్షేనని తేల్చింది. అంతకు ముందు దశాబ్దాల్లో ప్రభుత్వం తన దగ్గర ఆపి ఉంచుకున్న జీతాల విషయంలో వేరుగా మరో దావా నడిచి, 2019లో 19 కోట్ల డాలర్లకు రాజీ కుదిరింది. కనుక అబోరిజినల్ ప్రజలు పని చేయరని కాదు, చేసిన పనికి ఉద్యోగం అనే పేరు, జీతం రాలేదని గమనించండి.

భృతికి బదులు పని

1977లో కేంద్ర ప్రభుత్వం ఒక పథకం ప్రారంభించింది. దానిని పొట్టిగా సి.డి.ఇ.పి. అంటారు. నిరుద్యోగ భృతిని మనిషి మనిషికీ ఇవ్వకుండా, సుమారు ఆ మొత్తాన్ని ఊరి సంస్థకు ఇస్తారు. ఆ సంస్థ జనానికి వారంలో కొన్ని గంటలు పని చూపించి కూలి ఇస్తుంది. 2000 తరువాతి తొలి సంవత్సరాల్లో ఈ పథకంలో సుమారు 35 వేల మంది ఉండేవారు. పనిని ఊరివారే నిర్ణయించుకునేవారు కాబట్టి చాలామంది దీనిని ఇష్టపడ్డారు.

అయితే ఇందులో ఒక చిక్కు ఉంది. చెత్త ఎత్తడం, రోడ్ల పక్క గడ్డి కోయడం వంటి కౌన్సిల్ పనులు కూడా చాలా ఊళ్లలో ఈ పథకం కింద జరిగిపోయేవి. పని భృతి డబ్బుతో జరుగుతున్నప్పుడు కౌన్సిల్ దానికి పూర్తి జీతంతో ఒక పోస్టు ఎందుకు పెడుతుంది? పదేళ్లు అదే పని చేసినా మనిషి కౌన్సిల్ ఉద్యోగి కాలేదు. 2007 తరువాత ఈ పథకాన్ని దశలవారీగా తగ్గించినప్పుడు కొన్ని పనులు నిజమైన జీతపు ఉద్యోగాలుగా మారాయి. మిగిలినవారు మళ్లీ భృతికి చేరారు. అదే సమయంలో, 2008 జూలైలో, నార్తర్న్ టెరిటరీలో చిన్న చిన్న ఊరి కౌన్సిళ్లను కలిపి 8 పెద్ద కౌన్సిళ్లు చేశారు. వాటిలో ఒకటైన మెక్‌డొనెల్ కౌన్సిల్ ముఖ్య కార్యాలయం, అది పాలించే ఊళ్లలో కాక, ఆలిస్ స్ప్రింగ్స్ పట్టణంలో ఉంది. గుమాస్తా, లెక్కల పని నేర్చుకోదలచిన ఊరి యువతికి ఆ కుర్చీ వందల కిలోమీటర్ల దూరం జరిగినట్లే.

ఇక్కడ ఆగి ఆలోచించండి: మీ ఊరి పంచాయతీలో ఏ పనులు జీతంపై, ఏ పనులు రోజుకూలిపై జరుగుతున్నాయి? రోజుకూలిపై చేసేవారు ఎవరు?

ఉద్యోగంలో చేరడం, నిలవడం

మన రాజ్యాంగంలో 16వ అధికరణం వెనుకబడిన వర్గాలకు ఉద్యోగాల్లో రిజర్వేషన్లకు వీలు కల్పిస్తుంది. ఆస్ట్రేలియా రాజ్యాంగంలో అలాంటి ఏర్పాటు లేదు. అక్కడ దారి వేరు. 1975 చట్టం వివక్షను నిషేధిస్తూనే, వెనుకబాటు తొలగించే 'ప్రత్యేక చర్యలు' వివక్ష కిందికి రావని చెప్పింది. దీని ఆధారంగా కౌన్సిళ్లు కొన్ని పోస్టులను అబోరిజినల్ అభ్యర్థులకే అని ప్రకటించవచ్చు. న్యూ సౌత్ వేల్స్‌లో 1993 నాటి స్థానిక ప్రభుత్వ చట్టం ప్రకారం ప్రతి కౌన్సిల్ సమాన ఉద్యోగావకాశాల ప్రణాళిక తయారుచేసి అమలు చేయాలి.

ప్రణాళిక రాయడం సులువు. అసలు అడ్డంకి తరచు డ్రైవింగ్ లైసెన్సు దగ్గర వస్తుంది. రోడ్ల పనికైనా, పార్కు పనికైనా లైసెన్సు అడుగుతారు. న్యూ సౌత్ వేల్స్‌లో 25 ఏళ్ల లోపు వారు లైసెన్సు పొందాలంటే సాధారణంగా 120 గంటలు పక్కన లైసెన్సు ఉన్నవారిని కూర్చోబెట్టుకుని బండి నడిపినట్లు చూపాలి. ఇంట్లో కారూ లేక, లైసెన్సు ఉన్న పెద్దవారూ లేకపోతే ఆ గంటలు ఎక్కడి నుండి వస్తాయి? కొందరికి జనన ధృవీకరణ పత్రమే ఉండదు. ఈ మాట మన కొండ ప్రాంతాల వారికి కొత్తగా వివరించనక్కర లేదు. కనుక తెలివైన కౌన్సిల్ లైసెన్సును ముందు షరతుగా పెట్టదు. పనిలో చేర్చుకుని, శిక్షణ కాలంలోనే లైసెన్సు ఇప్పిస్తుంది. చెత్త బండి వెనుక నడిచే పనికి లైసెన్సు నిజంగా కావాలా అని కూడా అడిగి చూస్తుంది.

చేరాక నిలవడం మరో మెట్టు. అబోరిజినల్ సమాజంలో ఎవరైనా చనిపోతే దూరపు బంధువులు కూడా అంత్యక్రియలకు, దుఃఖ దినాలకు తప్పక వెళ్లాలి. ఉద్యోగ నియమాల్లో మామూలుగా తల్లిదండ్రులు, భార్యాబిడ్డల వంటి దగ్గరివారికే రెండు మూడు రోజుల సెలవు ఉంటుంది. మేనమామ వరుస వాడు పోయాడని వారం రోజులు రాని మనిషిని బాధ్యత లేనివాడిగా లెక్కగట్టడం ఇక్కడే మొదలవుతుంది. వరుసలు మనకు తెలుసు కాబట్టి ఈ ఇబ్బంది మనకు త్వరగా అర్థమవుతుంది. కొన్ని సంస్థలు ఇందుకు వేరుగా సెలవు పెట్టాయి. వంద మంది ఉన్నచోట ఒక్కరినే చేర్చుకోకుండా ఇద్దరు ముగ్గురిని కలిపి చేర్చుకోవడం, మేస్త్రీలకు, సూపర్‌వైజర్లకు కూడా శిక్షణ ఇవ్వడం మేలు చేస్తాయి. వెక్కిరింత మాటలు కార్యాలయంలో కన్నా పని జట్టులోనే ఎక్కువగా వినబడతాయి కదా.

2020లో కుదిరిన జాతీయ ఒప్పందం 25 నుండి 64 ఏళ్ల ఆదిమవాసుల్లో ఉద్యోగం ఉన్నవారు 2031 నాటికి 62 శాతానికి చేరాలని లక్ష్యం పెట్టింది. 2016లో ఇది 51 శాతం, 2021లో 55.7 శాతం. ఈ అంకెలు అన్ని రకాల ఉద్యోగాలనూ కలిపి చెబుతాయి. ఒక కౌన్సిల్ ఎలా చేస్తున్నదో తెలియాలంటే దాని బడ్జెట్టు కాగితం చూడాలి. అబోరిజినల్ ఉద్యోగి జీతం రాష్ట్రం ఇచ్చిన గ్రాంటు పద్దులో ఉంటే, గ్రాంటు ముగిసిన నెలలో ఆ పోస్టు కూడా పోవచ్చు. ఇంటి పన్నుల నుండి వచ్చే సొంత ఆదాయం పద్దులో, రోడ్డు ఇంజనీరు జీతం పక్కనే రాసి ఉంటే, మరుసటి ఏడాది కూడా ఆ మనిషి పనికి వస్తాడు.